‘ఇంటికి తీసుకెళ్లిపోండి’ అన్నాక బిడ్డ వైద్యం ఎవరు చూడాలి?

‘ఇంక మా చేతుల్లో ఏమీ లేదమ్మా, ఇంటికి తీసుకెళ్లిపోండి’ అన్న మాట విశాఖపట్నంలో ఏ పెద్ద ఆసుపత్రి వరండాలో కూర్చున్నా ఎప్పుడో ఒకప్పుడు చెవిన పడుతుంది. డెబ్బై ఏళ్ల పెద్దాయన గురించి ఆ మాట అంటే కుటుంబం ఏదోలా గుండె దిటవు చేసుకుంటుంది. ఏడేళ్ల పిల్లవాడి గురించి అంటే తల్లిదండ్రులకు అందులో సగమే వినిపిస్తుంది. రాత్రి పన్నెండింటికి ఫిట్స్ వస్తే ఏం చేయాలి, ముక్కులో వేసిన గొట్టం ఊడిపోతే ఎవరికి చెప్పాలి, నొప్పికి ఇచ్చిన మందు పనిచేయకపోతే తరువాత ఏమిటి అన్న ప్రశ్నలు శ్రీకాకుళం బస్సు ఎక్కాకనో, గాజువాకలో ఆటో దిగాకనో ఒక్కొక్కటిగా గుర్తుకొస్తాయి. అప్పటికి జవాబు చెప్పేవాళ్లు దగ్గర ఉండరు. వ్యాధిని నయం చేసే మందు లేకపోవడం వేరు, బిడ్డకు చేయవలసిన వైద్యమే లేకపోవడం వేరు. ఈ రెంటినీ ఒకటే అనుకోవడం వల్ల తగ్గించగలిగిన నొప్పిని కూడా పిల్లలు భరిస్తున్నారు.

ఆ రెండో వైద్యానికి పేరుంది. మనం ఉపశమన వైద్యం అని రాస్తున్నాం, డాక్టర్లు పాలియేటివ్ కేర్ అంటారు, దానిని అందించే చోటునో బృందాన్నో హాస్పిస్ అంటారు. చిక్కంతా ఈ చివరి మాటతోనే. హాస్పిస్ అనగానే మన వాళ్ల మనసులో మెదిలేది చనిపోయేవాళ్లను తీసుకెళ్లి చేర్చే చోటు. బిడ్డను ఒళ్లో పెట్టుకున్న తల్లి దగ్గర ఆ మాట ఎత్తిన మనిషిని ఆమె మళ్లీ గడప తొక్కనివ్వకపోవచ్చు, అందుకు ఆమెను తప్పుపట్టలేం. అయితే పిల్లల హాస్పిస్ ఎలా పుట్టిందో తెలిస్తే ఆ భయం చాలావరకు సడలుతుంది.

ఆధునిక హాస్పిస్ ఉద్యమం 1967లో లండన్‌లో సిసిలీ సాండర్స్ నెలకొల్పిన సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్‌తో మొదలైంది. శరీరంలోని నొప్పి, మనసులోని భయం, ఇంటి అప్పు, దేవుడి మీద ప్రశ్న అన్నీ కలిసి రోగిని బాధిస్తాయని, వాటిని విడదీసి ఒక్కదానికే మందు వేస్తే సరిపోదని ఆమె చెప్పారు. అది ప్రధానంగా పెద్దల కోసం, ముఖ్యంగా క్యాన్సర్ రోగుల కోసం పుట్టిన ఆలోచన. పిల్లల హాస్పిస్ కథ వేరు. ఇంగ్లండ్‌లోని ఆక్స్‌ఫర్డ్‌లో మెదడు కణితి శస్త్రచికిత్స తరువాత పూర్తిగా ఇతరుల మీద ఆధారపడిన హెలెన్ అనే చిన్నారిని తల్లిదండ్రులు ఇంట్లోనే పెట్టుకుని చూసుకుంటుండగా, ఫ్రాన్సిస్ డొమినికా అనే క్రైస్తవ సన్యాసిని అప్పుడప్పుడు పాపను తన దగ్గర ఉంచుకుని ఆ దంపతులకు కాస్త విశ్రాంతి ఇచ్చేవారు. ఆ చిన్న సాయమే 1982లో హెలెన్ హౌస్ అయింది. ప్రపంచంలో పిల్లల కోసం వెలసిన మొదటి హాస్పిస్ అదే. అంటే అది చనిపోవడానికి వెళ్లే చోటుగా మొదలవలేదు, ఇంట్లో బిడ్డను చూసుకుంటున్న అమ్మకు రెండు రాత్రుల నిద్ర ఇవ్వడానికి మొదలైంది. మన దేశంలో మొదటి హాస్పిస్ 1986లో ముంబైలో శాంతి అవేదన పేరుతో వచ్చింది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్వచనం ఈ విషయాన్ని ఇంకా తేటపరుస్తుంది. పిల్లల ఉపశమన వైద్యం అంటే బిడ్డ శరీరాన్ని, మనసును, ఆత్మను కలిపి చూసుకోవడం, కుటుంబానికి ఆసరాగా నిలవడం; అది జబ్బు బయటపడిన రోజునే మొదలై, జబ్బును నయం చేసే చికిత్స సాగుతున్నా సాగకపోయినా కొనసాగాలి. కీమోథెరపీ తీసుకుంటున్న పాపకు వాంతులు తగ్గించడం, నోటి పుండ్ల నొప్పి తీర్చడం, వాళ్ల అక్క చదువు పాడవకుండా చూడడం కూడా ఇందులో భాగమే. ఆ పాప రేపు పూర్తిగా కోలుకోవచ్చు, అప్పటివరకు చేసిన ఉపశమన వైద్యం వృథా పోదు. దీనిని ఆఖరి మజిలీగా కాక, మొదటి రోజు నుంచి పక్కన నడిచే మనిషిగా చూస్తే సగం గందరగోళం తీరుతుంది.

ఇది ఏ పిల్లలకు అవసరం? వైద్యులు సాధారణంగా నాలుగు రకాలుగా చెబుతారు. నయమయ్యే అవకాశం ఉన్నా విఫలం కాగల చికిత్సలో ఉన్నవాళ్లు మొదటివాళ్లు. క్యాన్సర్ పిల్లలు ఇందులోకి వస్తారు. సంపన్న దేశాల్లో క్యాన్సర్ పిల్లల్లో 80 శాతానికి పైగా కోలుకుంటుండగా, చాలా పేద, మధ్యతరగతి దేశాల్లో అది 30 శాతానికి లోపేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రెండో రకం, ఆయుష్షు తగ్గుతుందని తెలిసినా మంచి వైద్యంతో ఏళ్ల తరబడి జీవించగలిగినవాళ్లు. డుషేన్ కండరాల క్షీణత ఉన్న మగపిల్లలు పదీ పన్నెండేళ్లకు నడక పోయినా ఆ తరువాత చాలా ఏళ్లు బతుకుతారు. మూడోది, మొదటి నుంచీ నయం చేసే మార్గం లేక క్రమంగా ముదిరే జన్యు వ్యాధులు. నాలుగోది, జబ్బు ముదరకపోయినా ఎప్పుడు ఏ న్యుమోనియా మీద పడుతుందో తెలియని తీవ్రమైన సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కదలికలు అదుపులో లేకపోవడం) వంటి స్థితి. ఈ నాలుగో రకం పిల్లలు మన వీధుల్లోనే ఉన్నారు. పుట్టినప్పుడు ఏడవలేదని, ఊపిరి ఆడలేదని చెప్పే తల్లులు ప్రతి వార్డులో కనిపిస్తారు. ఆ తల్లులకు హాస్పిస్ అన్న మాట ఎవరూ చెప్పరు, ఎందుకంటే వాళ్ల పిల్లలను ‘చావు బతుకుల్లో ఉన్నవాళ్లు’ అని ఎవరూ అనుకోరు. కానీ క్యాన్సర్ బిడ్డ తల్లికి ఎంత సాయం కావాలో, ఐదేళ్లుగా రాత్రిపూట రెండు గంటలకోసారి లేచి కఫం తీస్తున్న తల్లికీ అంతే కావాలి.

ఉత్తరాంధ్రలో ఈ సమస్యకు దూరం కూడా తోడవుతుంది. 1923 నుంచి నడుస్తున్న కింగ్ జార్జ్ ఆసుపత్రికి, అంటే అందరూ పెద్దాసుపత్రి అనే కేజీహెచ్‌కు, విజయనగరం, శ్రీకాకుళం, ఏజెన్సీ ప్రాంతాల నుంచే కాక ఒడిశా దక్షిణ జిల్లాల నుంచి కూడా పిల్లలను తీసుకొస్తారు. పాడేరు, అరకు వైపు గిరిజన కుటుంబాల్లో, రక్తకణాల ఆకారం మారిపోయి తీవ్రమైన నొప్పి తెచ్చే సికిల్ సెల్ వ్యాధి ఉంది. ఆ నొప్పి వచ్చినప్పుడు పిల్లలు విలవిల్లాడిపోతారు, అప్పుడు వాళ్లకు కావలసింది బలమైన నొప్పి మందు, అదీ వెంటనే. వంద కిలోమీటర్లకు పైగా ఘాట్ రోడ్డు దిగి నగరానికి చేరే సరికి గంటలు గడుస్తాయి. అందుకే బిడ్డను ఆసుపత్రికి మోయడం కన్నా వైద్యాన్ని బిడ్డ దగ్గరకు తేవడం ఇక్కడ మరింత అవసరం.

ఒక ఇంట్లో చూసినది

వైద్యం ఇంటికి రావడం అంటే ఏమిటో నాకు నిజంగా అర్థమైనది కూర్మన్నపాలెం వైపు మా దూరపు బంధువుల ఇంట్లో. ఎనిమిదేళ్ల బాబుకు మెదడు కింది భాగంలో గడ్డ. రేడియేషన్ అయ్యాక మూడు నెలలు బాగానే ఉన్నాడు, తరువాత నడక తూలడం, మాట ముద్దగా రావడం మొదలైంది. చూపించిన ఆసుపత్రివాళ్లు పారాసిటమాల్ సిరప్ రాసి ఇంటికి పంపారు. ఆ తరువాత పదకొండు రోజులు ఆ ఇంట్లో ఎవరూ సరిగా పడుకోలేదు. పన్నెండో రోజున ఎవరో చెప్పగా ఉపశమన వైద్య బృందం నుంచి ఒక సిస్టర్, ఒక డాక్టరు వచ్చారు.

సిస్టర్ వచ్చీ రాగానే మందుల సంచీ తీయలేదు. బాబు మంచం పక్కన నేల మీద కూర్చుని, ‘నాన్నా, ఎక్కడ నొప్పి?’ అని అడగలేదు కూడా. వాడు చూస్తున్న కార్టూన్ కాసేపు తనూ చూసింది. తరువాత తల్లి వైపు తిరిగి, ‘వీడికి నొప్పి వచ్చినప్పుడు ముఖం ఎలా పెడతాడమ్మా?’ అని అడిగింది. మాట సరిగా చెప్పలేని పిల్లల నొప్పిని కొలవడానికి ఒక పద్ధతి ఉంది: ముఖం, కాళ్లు, కదలిక, ఏడుపు, ఓదారిస్తే ఊరుకుంటున్నాడా లేదా అన్న ఐదింటికీ సున్నా నుంచి రెండు దాకా మార్కులు వేసి, పదికి ఎంతో చూస్తారు. తల్లి ఆ ఐదింటినీ డాక్టరు కన్నా బాగా చెప్పింది. ‘నొప్పి వస్తే ఏడవడండీ, కుడి కాలి బొటనవేలు లోపలికి ముడుస్తాడు’ అంది. ఆ మాటను సిస్టర్ అక్షరం పొల్లుపోకుండా నోటుపుస్తకంలో రాసుకుంది.

ఆ పుస్తకాన్ని గోడ మీద క్యాలెండర్ మేకుకే దారంతో వేలాడదీశారు. ఏ మందు ఎన్ని మిల్లీలీటర్లు, ఏ పూట, ఎవరు పోశారు, ఆ తరువాత వేలు ముడిచాడా లేదా అన్నది వరుసగా. అందులో తల్లి రాత, తండ్రి రాత, తొమ్మిదో తరగతి చదివే అక్క రాత కనిపించేవి. తెల్లవారుజామున ఫోన్ చేస్తే సిస్టర్ మొదట అడిగేది ‘పుస్తకంలో ఆఖరి వరుస చదవమ్మా’ అని. ఇంట్లో వైద్యం నడవాలంటే ఖరీదైన యంత్రాల కన్నా ముందు కావలసింది అలాంటి పుస్తకం, రాత్రిపూట ఎత్తే ఫోనూ అని నాకు అక్కడే తెలిసింది.

మిగతా పనులు చూడడానికి చిన్నవే. పడక పుండ్లు రాకుండా రెండు గంటలకోసారి బిడ్డను పక్కకు తిప్పడం, గాలి పరుపు సమకూర్చడం, విశాఖ ఉక్కపోతకు మెడ మడతల్లో చెమట చేరి చర్మం చితకకుండా తుడవడం, తడి దూదితో నోరు శుభ్రం చేయడం. గొట్టం ద్వారా పాలు, జావ పోసేటప్పుడు తల భాగాన్ని ఎత్తుగా పెట్టి, పోశాక అరగంటైనా పడుకోబెట్టకూడదు, లేకపోతే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఊపిరి ఆయాసంగా ఉంటే ఎత్తుగా కూర్చోబెట్టి ముఖం మీదికి ఫ్యాను గాలి తగిలేలా చేస్తేనే చాలామంది పిల్లలు నెమ్మదిస్తారు. ఫిట్స్ వచ్చినప్పుడు నోట్లో చెంచా పెట్టకుండా, చేతిలో తాళాలు పెట్టకుండా, పక్కకు తిప్పి పడుకోబెట్టి, డాక్టరు ముందే రాసిచ్చిన, ఫిట్స్ ఆపే మిడాజోలమ్ మందును ముక్కులో ఎలా కొట్టాలో సిస్టర్ ఆ ఇంట్లో ముగ్గురికి నేర్పించింది. ముగ్గురికి ఎందుకంటే, తల్లి స్నానానికి వెళ్లినప్పుడే ఫిట్స్ రావచ్చు కదా.

మార్ఫిన్ అంటే ఉన్న భయం

బాబు విషయంలో డాక్టరు మార్ఫిన్ రాసినప్పుడు ఇంట్లో నిశ్శబ్దం ఆవరించింది. వాళ్ల మామ్మ మాత్రం ఉన్నమాట అడిగేసింది: ‘ఏటమ్మా, పసిగుంటడికి మత్తుమందు పోసేత్తారా?’ ఆమె ప్రశ్నలో మూడు భయాలున్నాయి. అలవాటు పడిపోతాడా, మత్తులో పడి ఉంటాడా, ఇది ఆయుష్షు తీసే మందా?

డాక్టరు ఆమె పక్కనే కూర్చుని చెప్పిన జవాబు ఏ ఇంట్లోనైనా చెప్పదగినది. నొప్పి కోసం, డాక్టరు లెక్క ప్రకారం ఇచ్చిన మార్ఫిన్‌తో పిల్లలు వ్యసనపరులు కావడం అరుదు. శరీరం దానికి అలవాటు పడుతుంది కనుక ఒక్కసారిగా ఆపకూడదు, అవసరం తీరితే మెల్లగా తగ్గించాలి; అది వ్యసనం కాదు, శరీర ధర్మం. మొదటి రెండు మూడు రోజులు నిద్రమత్తు ఉంటుంది, తరువాత చాలావరకు తగ్గుతుంది, పైగా అన్నాళ్లుగా నొప్పితో నిద్రలేని బిడ్డ ఆ మొదటి రోజుల్లో పడుకునేది బకాయి పడ్డ నిద్ర కూడా. మలబద్ధకం మాత్రం తప్పకుండా వస్తుంది, అందుకే మొదటి రోజు నుంచే విరేచనం సాఫీగా అయ్యే మందు కలిపి ఇస్తారు. సరైన మోతాదులో ఇచ్చిన మార్ఫిన్ ఆయుష్షును తగ్గించదు. మోతాదును బిడ్డ బరువును బట్టి, ముందు తక్కువతో మొదలుపెట్టి, నొప్పిని చూస్తూ డాక్టరే పెంచాలి. పక్కింటివాళ్ల చీటీ చూసి పోయవలసిన మందు కాదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012లో పిల్లల నొప్పికి రెండు మెట్ల పద్ధతి సూచించింది. తేలిక నొప్పికి పారాసిటమాల్ లేదా ఐబుప్రోఫెన్, అంతకు మించితే మార్ఫిన్ వంటి బలమైన మందు. పెద్దవాళ్లకు మధ్య మెట్టుగా వాడే కోడీన్‌ను పిల్లల శరీరాలు ఒక్కొక్కటి ఒక్కోలా స్వీకరిస్తాయి గనుక పక్కన పెట్టారు. రెండో నియమం ఇంకా ముఖ్యం: నొప్పి వచ్చాక మందు వేయడం కాదు, గడియారం చూసి వేయాలి. మామూలు మార్ఫిన్ ప్రభావం సుమారు నాలుగు గంటలు ఉంటుంది కనుక నాలుగు గంటలకోసారి పడుతూ ఉంటే నొప్పి తల ఎత్తదు. ఏడిచాక పోస్తే, పోసిన మందు పనిచేసే దాకా బిడ్డ ఏడుస్తూనే ఉండాలి. వీలైనంతవరకు నోటి ద్వారానే ఇవ్వాలి, సూది పోటు అంటేనే పిల్లలకు ఇంకో నొప్పి.

అయితే ఈ మందు దొరకడమే కష్టమైపోయింది, దానికి వెనుక చట్టం కథ ఉంది. 1985లో వచ్చిన మాదకద్రవ్యాల చట్టం, ఎన్‌డీపీఎస్, శిక్షలను ఎంత కఠినం చేసిందంటే ఆసుపత్రులూ మందుల షాపులూ మార్ఫిన్ నిల్వ పెట్టడమే మానేశాయి. 1997 నాటికి దేశమంతటా వైద్యానికి వాడిన మార్ఫిన్ 18 కిలోలకు పడిపోయింది. లైసెన్సుతో నల్లమందు పండించి ఎగుమతి చేసే దేశంలో జరిగిన విషయమిది. 2014లో పార్లమెంటు చట్టాన్ని సవరించాక, కేంద్రం మార్ఫిన్‌తో పాటు ఫెంటనిల్, మెథడోన్, కోడీన్, ఆక్సికోడోన్, హైడ్రోకోడోన్‌లను అత్యవసర మందులుగా గుర్తించి, రకరకాల లైసెన్సుల బదులు రాష్ట్ర ఔషధ నియంత్రణ అధికారి గుర్తింపు ఒక్కటి ఉంటే చాలన్న వీలు కల్పించింది. అలా గుర్తింపు పొందిన ఆసుపత్రి నుంచి, డాక్టరు చీటీతో, కుటుంబం మార్ఫిన్‌ను చట్టబద్ధంగా ఇంటికి తెచ్చుకోవచ్చు. విశాఖలో ఎన్‌డీపీఎస్ అంటే ఏజెన్సీ గంజాయి కేసులే గుర్తొస్తాయి కనుక, ఆ సంచీతో బస్సెక్కడానికి తండ్రులు భయపడతారు. చీటీ నకలు, ఆసుపత్రి ఇచ్చిన కార్డు మందుతోపాటే ఉంచుకుంటే ఆ భయం అక్కర్లేదు. ఇంట్లో మాత్రం తాళం వేసిన బీరువాలో, ఇతర పిల్లలకు అందనిచోట పెట్టాలి.

రాత్రి కోసం, తుఫాను కోసం

ఇంట్లో బిడ్డను చూసుకునే కుటుంబాన్ని మళ్లీ మళ్లీ ఆసుపత్రికి పరుగెత్తించేది జబ్బు కన్నా దిక్కుతోచనితనం. అందుకే మంచి బృందం మొదటి వారంలోనే ఒక కాగితం రాసి ఇస్తుంది: ఫిట్స్ ఐదు నిమిషాలు దాటితే ఇది, నొప్పి తగ్గకపోతే అదనపు మోతాదు ఇంత, జ్వరానికి ఇది, ఈ లక్షణం కనిపిస్తే మాత్రం 108కి ఫోన్ చేయండి, ఈ లక్షణానికి మాకు చేయండి. గుండె ఆగితే ఛాతీ నొక్కి యంత్రం మీద పెట్టాలా వద్దా అన్న కష్టమైన ప్రశ్నకు కూడా తల్లిదండ్రులు డాక్టరుతో కూర్చుని నెమ్మదిగా ఆలోచించి రాసుకున్న జవాబు అందులో ఉండాలి. ఆ జవాబును ఎప్పుడైనా మార్చుకోవచ్చు.

మన నగరానికి ఆ కాగితంలో ఇంకో వరుస తప్పనిసరి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ మీద పడ్డాక రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు పనిచేయలేదు. ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్, కఫం లాగే సక్షన్ మిషను కరెంటు మీద నడిచేవే. ఆ యంత్రాలున్న ఇంట్లో ఇన్వర్టర్ ఎన్ని గంటలు వస్తుంది, చిన్న సిలిండర్ ఎక్కడుంది, కాలితో తొక్కే సక్షన్ పంపు ఉందా, తుఫాను హెచ్చరిక వస్తే ముందే ఎక్కడికి మారాలి, మందులు కనీసం రెండు వారాలకు సరిపడా ఉన్నాయా అన్నవి అక్టోబరు, నవంబరు రాకముందే చూసుకోవాలి.

తల్లి నిద్ర గురించి ఎవరూ కాగితం రాయరు. మన ఇళ్లలో బిడ్డ సేవ అనేది తల్లి పనిగా, అమ్మమ్మ పనిగా స్థిరపడిపోయింది. తండ్రి మందులు తెస్తాడు, అప్పు తెస్తాడు, కానీ గొట్టంలో పాలు పోయడానికి చేయి వణుకుతుందంటాడు. ఆ వణుకు నాలుగుసార్లు పోస్తే పోతుంది. వారానికి ఒక మధ్యాహ్నమైనా శిక్షణ పొందిన వాలంటీరు వచ్చి బిడ్డ దగ్గర కూర్చుంటే, తల్లి తలంటు పోసుకుని పడుకోగలిగితే, లేదా సింహాచలం వెళ్లి రాగలిగితే, అది బిడ్డకు వేసిన మందుతో సమానమని నేను నమ్ముతాను. హెలెన్ హౌస్ పుట్టింది సరిగ్గా ఆ ఒక్క మధ్యాహ్నం కోసం. మన దగ్గర అన్నిటికన్నా తక్కువగా దొరికే సేవ కూడా అదే. ‘ఏదైనా సాయం కావాలంటే చెప్పు వదినా’ అని చెప్పి వెళ్లే బంధువులు, ఫలానా గురువారం రెండు నుంచి ఐదు దాకా నేను కూర్చుంటాను అని చెప్పి వస్తే ఆ లోటు కొంత తీరుతుంది.

ఆ ఇంట్లో అక్క గురించి కూడా చెప్పాలి. జబ్బుపడిన బిడ్డకు తోబుట్టువులు ఉంటే వాళ్లు రెండు తప్పులు తమ మీద వేసుకుంటారు: నేను తిట్టినందుకే తమ్ముడికి జబ్బు వచ్చిందేమో, వీడు త్వరగా పోతే అమ్మ నన్ను చూసుకుంటుందేమో అని అనుకున్నానే అని. రెండూ ఎవరికీ చెప్పరు. మార్కులు తగ్గడం, కడుపునొప్పి అనడం వాళ్ల భాష. నీ వల్ల ఏమీ కాలేదని పెద్దవాళ్లు నోరు తెరిచి చెప్పాలి, ఇంటి పనిలో చిన్న భాగం ఇవ్వాలి, అంతకు మించి మోయించకూడదు.

డబ్బు సంగతి సూటిగా చెప్పుకుందాం. ఎన్టీఆర్ వైద్య సేవ ఆసుపత్రి చికిత్సకు పనికొస్తుంది గాని, ఇంట్లో వాడే డైపర్లు, గాలి పరుపు, పాలపొడి, ఆటో చార్జీలు కుటుంబమే భరించాలి. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో గుర్తించిన 21 వైకల్యాల్లో సెరిబ్రల్ పాల్సీ, కండరాల క్షీణత, తలసీమియా, సికిల్ సెల్ ఉన్నాయి. వైకల్యాన్ని నిర్ధారించే సదరం ధ్రువపత్రం ఉంటేనే చాలా సాయాలకు తలుపు తెరుచుకుంటుంది. రాష్ట్రంలో 2024 జూలై నుంచి దివ్యాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలు, మంచానికే పరిమితమైన తీవ్ర స్థితుల్లో 15,000 రూపాయలు. సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలకు నేషనల్ ట్రస్టు నిరామయ పథకం ఏడాదికి లక్ష రూపాయల వరకు ఆరోగ్య బీమా ఇస్తుంది. క్యాన్సర్, తలసీమియా పిల్లలకు, వెంట వెళ్లేవాళ్లకు రైలు రాయితీ ఉంది. ఈ కాగితాలన్నీ బిడ్డ కాస్త బాగున్నప్పుడే చేయించుకోవాలి, తరువాత సచివాలయం క్యూలో నిలబడే ఓపిక ఎవరికీ ఉండదు.

బిడ్డకు ఏం చెప్పాలి

ఇంటింటా వినిపించే మాట, ‘వాడికి ఏమీ తెలియదు, చెప్పకండి.’ బిడ్డకు తెలుసు. 1970లలో అమెరికాలో లుకేమియా పిల్లల వార్డులో పరిశోధించిన మైరా బ్లూబాండ్ లాంగ్నర్, ఎవరూ చెప్పకపోయినా ఆ పిల్లలకు తమ స్థితి తెలుసని, అమ్మానాన్నలు బాధపడతారని తెలియనట్టు నటిస్తారని గమనించారు. అంటే మనం బిడ్డను కాపాడుతున్నాం అనుకుంటుండగా బిడ్డే మనల్ని కాపాడుతుంటాడు, ఒంటరిగా.

స్వీడన్‌లో క్యాన్సర్‌తో బిడ్డను పోగొట్టుకున్న తల్లిదండ్రులను అడిగి 2004లో ప్రచురించిన అధ్యయనంలో, బిడ్డతో మరణం గురించి మాట్లాడిన 147 మందిలో ఒక్కరు కూడా మాట్లాడినందుకు చింతించలేదు. మాట్లాడని 258 మందిలో 69 మంది మాట్లాడి ఉండవలసిందని బాధపడ్డారు. స్వీడన్ మన ఊరు కాదు, మన ఇళ్లలో చావు మాట ఎత్తడమే అశుభం అనుకుంటారు, ఆ పట్టింపును కొట్టిపారేయనక్కర్లేదు. కానీ మాట్లాడడం అంటే కూర్చోబెట్టి తీర్పు చదవడం కాదు. బిడ్డ అడిగినదానికి, అడిగినంత మేరకు, అబద్ధం లేకుండా చెప్పడం. ‘నేను స్కూలుకు మళ్లీ వెళ్తానా?’ అంటే ‘నీకేమనిపిస్తోంది కన్నా?’ అని అడిగి వినడం. ఐదేళ్ల లోపు పిల్లలు చావును నిద్రలాగానో ఊరెళ్లడంలాగానో, తిరిగి రాగలిగినదానిలాగా అనుకుంటారు. ఏడెనిమిదేళ్లు దాటాక అది తిరిగిరానిదని తెలుస్తుంది. అందుకే చిన్నపిల్లలకు ‘తాతయ్య నిద్రపోయాడు’ అని చెబితే రాత్రి పడుకోవడానికి భయపడతారు.

ఆ బాబు అడిగింది చావు గురించి కాదు. సముద్రం చూడాలన్నాడు. ఎండ ఎక్కకముందే, మందు పోసిన అరగంటకు, అదనపు మోతాదు సిరంజీలో పట్టుకుని ఆర్కే బీచ్‌కు తీసుకెళ్లారు. సబ్‌మెరైన్ మ్యూజియం ఎదురుగా కారు ఆపి, తండ్రి ఎత్తుకుని ఇసుకలో కూర్చున్నాడు. ఇరవై నిమిషాలు. ఆ ప్రయాణాన్ని డాక్టరు చికిత్స పథకంలో భాగంగానే రాశారు.

ఎక్కడ అడగాలి

విశాఖలో ఈ సేవ ఒకే కిటికీ దగ్గర దొరకదు. క్యాన్సర్ అయితే టాటా మెమోరియల్ సెంటర్ కింద నడిచే అగనంపూడి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రిలోనూ, మిగతా జబ్బులకు కేజీహెచ్ పిల్లల విభాగంలోనూ డిశ్చార్జికి ముందే అడగాలి: ఇంటికి వచ్చే బృందం ఉందా, మార్ఫిన్ ఎక్కడ దొరుకుతుంది, రాత్రి ఏ నంబరుకు ఫోన్ చేయాలి, మాకు దగ్గరలో ఏ డాక్టరుకు మీరు చీటీ రాస్తారు. జవాబు లేకుండా డిశ్చార్జి కాగితం తీసుకోవద్దు. ఆయుష్మాన్ భారత్ కేంద్రాలు అందించవలసిన 12 రకాల సేవల్లో వృద్ధుల సంరక్షణతోపాటు ఉపశమన వైద్యం కూడా ఉంది కనుక మీ ఏఎన్ఎంను, ఆశా కార్యకర్తను అడగడం మీ హక్కు. మనసు కుంగినప్పుడు టెలీ మానస్ 14416 నంబరులో రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడవచ్చు. కేరళ 2008లోనే ఉపశమన వైద్యానికి ప్రభుత్వ విధానం తెచ్చి, పంచాయతీల ద్వారా నర్సులను ఇళ్లకు పంపడం మొదలుపెట్టింది. వార్డుకో సచివాలయం, ఊరికో ఆశా ఉన్న మనకు అది చేయలేనంత పని కాదు. శిక్షణ, మార్ఫిన్, వాహనం ఈ మూడూ కలవాలి.

చివరి రోజులు వస్తే, అవి ఎలా ఉంటాయో ముందే తెలిసిన కుటుంబం తక్కువ భయపడుతుంది. నిద్ర ఎక్కువవుతుంది, మూత్రం తగ్గుతుంది, చేతులు కాళ్లు చల్లబడతాయి, ఊపిరి ఆగి ఆగి వస్తుంది, గొంతులో గురగుర వినిపిస్తుంది. ఆ చప్పుడు వినేవాళ్లను బాధించినంతగా బిడ్డను బాధించదు. అన్నం అడగడు. మన వాళ్లకు అన్నిటికన్నా కష్టమైనది ఇదే, ‘నాలుగు మెతుకులైనా పెట్టకుండా ఎలా పంపుతాం’ అంటారు. కానీ మింగలేని బిడ్డకు బలవంతంగా పెడితే ఊపిరికి అడ్డం పడుతుంది. తినకపోవడం వల్ల బిడ్డ పోవడం లేదు, పోతున్నాడు గనుక తినడం లేదు. పెదవులు తడుపుతూ, ఒళ్లో పెట్టుకుని, వాడికి తెలిసిన గొంతుతో మాట్లాడుతూ ఉండడమే అప్పుడు చేయవలసింది. వినికిడి చివరి వరకూ ఉండవచ్చు.

ముందే తెలిసిన జబ్బుతో ఇంట్లో జరిగిన సహజ మరణానికి పోలీసు కేసు ఉండదు. కారణం ధ్రువీకరించే డాక్టరు ఎవరో ముందే అడిగి పెట్టుకోవాలి, 21 రోజుల్లోగా మరణాన్ని నమోదు చేయించాలి. మిగిలిన మార్ఫిన్‌ను బేసిన్‌లో పారబోయకుండా, ఇచ్చిన ఆసుపత్రికే అప్పగించి లెక్క రాయించుకోవాలి.

కూర్మన్నపాలెంలో ఆ పని కోసం సిస్టర్ పెద్దకర్మ అయిన నాలుగో రోజు వచ్చింది. మిగిలిన మందు లెక్క చూసి, సంతకం తీసుకుని, లేవలేదు. మందులిచ్చే ఆఖరి వారంలో తాను చేసింది సరిపోయిందా అని తల్లి అడిగితే, గోడకు వేలాడుతున్న పుస్తకం దింపి, ఆఖరి పేజీలు తిప్పి, ప్రతి నాలుగు గంటలకూ ఉన్న వరుసలను వేలితో చూపిస్తూ ఆమెతో పైకి చదివించింది. తరువాత వంటగది గుమ్మంలో నిలబడ్డ అక్కను దగ్గరకు పిలిచి, పరీక్షలు ఎప్పటినుంచి అని అడిగింది.